రిస్క్ ఉన్న దాత కిడ్నీ వస్తే తీసుకోవాలా? ముందే సంతకం అడుగుతున్నారు

అమలాపురం బావమరిది:
మా బావగారిది రాజోలు దగ్గర. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, కొన్నేళ్ళుగా వారానికి మూడు డయాలసిస్‌లు. జీవన్‌దాన్‌లో (చనిపోయినవాళ్ళ అవయవాలు వరసప్రకారం ఇచ్చే సర్కారు పథకం) పేరు నమోదైంది. ఇంట్లో ఇచ్చేవాళ్ళు లేరు, అక్కకి షుగరు. మొన్న ఆసుపత్రిలో ఓ కాగితం ఇచ్చారు. 60 దాటిన దాత, బీపీ ఉండి స్ట్రోక్‌తో పోయిన దాత, హెపటైటిస్ సి (లివర్‌కి పట్టే వైరస్ జబ్బు) ఉన్న దాత... ఇలాంటివాళ్ళ కిడ్నీ వస్తే ఒప్పుకుంటారా అని ఒక్కోదాని ఎదురుగా టిక్కు పెట్టాలి. బావగారు అన్నిటికీ పెట్టేద్దామంటున్నారు. అక్క ససేమిరా అంటోంది. "ఉన్న రోగం చాలక ఇంకోటి కొని తెచ్చుకుంటామా?" అని. నాకు బావగారి మాటే సబబనిపిస్తోంది గానీ అక్కకి చెప్పడానికి గట్టి పాయింటు దొరకట్లేదు.

లంక రైతు:
మీ అక్కగారి మాట వినండి. 2007లో చికాగోలో ఒకే దాత అవయవాలు నలుగురికి పెడితే నలుగురికీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి రెండూ అంటుకున్నాయి. దాతకి ముందు చేసిన పరీక్షలు నెగెటివే! అమెరికాలోనే అలా అయితే మన సంగతి చెప్పాలా? ఇంట్లో ఇచ్చేవాళ్ళున్నవాడు మంచి కిడ్నీ తెచ్చుకుంటాడు, దిక్కులేనివాడికి ఇవి అంటగడతారు. నా అభ్యంతరం అసలు అక్కడ.

కాకినాడ టెక్నీషియన్:
చికాగో సంగతి నిజమేనండి. కానీ అక్కడ చేసింది యాంటీబాడీ పరీక్ష. ఒంట్లో వైరస్ దూరిన వెంటనే యాంటీబాడీలు పుట్టవు, హెపటైటిస్ సి అయితే వారాలు పడుతుంది. నాట్ అనే పరీక్ష నేరుగా వైరస్‌నే వెతుకుతుంది, వారం రోజుల్లోపే దొరికిపోతుంది. కాబట్టి ముందు అడగాల్సింది ఆసుపత్రిలో దాతకి నాట్ చేస్తారా లేదా అని.

ఇంకో మాట. అక్కగారు ఇంకో రోగం ఎందుకంటున్నారు, సరే. ఆ హెపటైటిస్ సి ఇప్పుడు బావగారు కూర్చుంటున్న కుర్చీలోనే పొంచి ఉంది కదా? నేను రోజంతా ఉండేది డయాలసిస్ యూనిట్‌లోనే. పాజిటివ్ వాళ్ళకి వేరే మిషను పెడతాం, అయినా ఒక పేషెంటు ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చే నరం) చేతి మీద దూది నొక్కిన గ్లౌజుతోనే పక్క మిషను బటన్ నొక్కితే చాలు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఒకే సీసాలోంచి ఇద్దరికి తీసినా చాలు. షిఫ్టు మారే టైములో, నలుగురిని ఒకేసారి దించి నలుగురిని ఎక్కించాలనే టెన్షన్‌లో ఇలాంటివి జరుగుతాయి. నెగెటివ్‌గా వచ్చి ఏడాది రెండేళ్ళకి పాజిటివ్ అయినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. రిస్క్ వద్దని ఆగడం కూడా రిస్కే.

పైగా హెపటైటిస్ సి ఇప్పుడు మాత్రలతో పోయే జబ్బు. పెన్సిల్వేనియా డాక్టర్లు ఆ జబ్బు లేని పదిమందికి హెపటైటిస్ సి ఉన్న కిడ్నీలు కావాలనే పెట్టి, 2017లో ఆ ఫలితం ప్రచురించారు. 12 వారాలు మందులిస్తే పదిమందికీ నయమైంది. ఈ జబ్బుకి వాడే మాత్ర సోఫోస్‌బువిర్‌ని మన హైదరాబాద్ కంపెనీలే తయారుచేస్తున్నాయి. 2018 నుంచి కేంద్రం పథకం కింద సర్కారు ఆసుపత్రుల్లో ఉచితం కూడా.

పాలకొల్లు మాస్టారు:
అన్నీ ఒక గాటన కట్టేస్తున్నారు. వైరస్‌కి మందుంది, ముసలి కిడ్నీకి మందు లేదు. 60 దాటిన దాత, లేదా 50 దాటి బీపీ, స్ట్రోక్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.5 పైన అనే మూడింట్లో రెండున్న దాత... అలాంటి కిడ్నీ చెడిపోయే అవకాశం 70 శాతం ఎక్కువని లెక్కగట్టే అమెరికాలో ఆ గీత గీశారు. యూరప్‌లో 1999 నుంచి 65 దాటినవాళ్ళ కిడ్నీలు 65 దాటినవాళ్ళకే ఇచ్చే పద్ధతి ఒకటుంది. అది బాగుంది. 48 ఏళ్ళాయనకి అది పదేళ్ళు కూడా ఆడకపోతే మళ్ళీ డయాలసిస్, మళ్ళీ లిస్టు. నేనైతే హెపటైటిస్ సి గడికి టిక్కు పెట్టి, వయసు గడి దగ్గర ఆగుతాను. అక్కగారి భయం సరిగ్గా తిరగబడి ఉంది.

ముమ్మిడివరం కుర్రోడు:
మన వైపు పురుగుమందు తాగినవాళ్ళు, పాము కరిచినవాళ్ళే ఎక్కువ కదండి. వాళ్ళవీ తీస్తారా?

కాకినాడ టెక్నీషియన్:
ఒంట్లో విషం పనిచేస్తుండగా బ్రెయిన్ డెడ్ అని తేల్చకూడదు. కట్లపాము కరిస్తే కనుపాప కూడా కదలదు, చచ్చిపోయాడనుకున్న మనిషి వెంటిలేటర్ మీద లేచి కూర్చుంటాడు. చట్టం కూడా నలుగురు డాక్టర్లు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు చూడాలంటుంది. గడ్డిమందు పారాక్వాట్ కిడ్నీనే తినేస్తుంది, ఆ దాత ప్రసక్తే రాదు.

రావులపాలెం విలేకరి:
ఎవరూ మాట్లాడని సంగతొకటి. పద్ధతి ప్రకారం దాత ఎవరో చెప్పరు. కానీ జిల్లా ఎడిషన్‌లో ఫొటో, ఊరు, అంబులెన్స్ దగ్గర దండలు, అన్నీ మేమే వేస్తాం. మర్నాడు కిడ్నీ వచ్చినాయనకి "మీ దాతకి హెపటైటిస్ సి ఉంది" అని చెబితే, సాయంత్రానికి ఆ కుర్రాడి ఊళ్ళో టీ కొట్టు దగ్గర అదే మాట. ఇక చెల్లెలికి సంబంధం కుదురుతుందా? హెచ్‌ఐవీ విషయంలో అయితే 2017 చట్టమే నోరు కట్టేస్తుంది. అందుకే ముందుగా టిక్కు పెట్టించుకోవడం నయం. ఆరోజు "మీరు ఒప్పుకున్న రకమే" అంటే చాలు, ఏ రకమో చెప్పక్కర్లేదు.

లంక రైతు:
అంటే నా ఒంట్లో పెట్టేదేంటో నాకు చెప్పరా? చచ్చినవాళ్ళ పరువు సరే, బతకాల్సినవాడి హక్కు ఏమైపోవాలి? ఫొటోలు వేయడం మీరు మానండి, అది తేలిక.

రావులపాలెం విలేకరి:
దాత కుటుంబమే వేయమంటుందండి. వాళ్ళకి మిగిలేది ఆ ఒక్క గౌరవమే.

అమలాపురం బావమరిది:
ఫోన్ అర్ధరాత్రి వచ్చినా విశాఖ చేరాలంటే మాకు నాలుగైదు గంటలు. కారెక్కాక ఆలోచించే వ్యవధి ఉండదు, అందుకే ఇప్పుడే తేల్చుకోవాలి. వయసు గడి సంగతి డాక్టరుగారిని మళ్ళీ అడుగుతాం. హెపటైటిస్ గడికి అక్క సగం మెత్తబడింది, డయాలసిస్ కుర్చీ మాట విన్నాక.

లంక రైతు:
పెట్టండి, కాదనను. కానీ ఉచితం అంటే స్టాకు ఉన్నప్పుడే ఉచితం. ఆపరేషన్ అయిన ఎన్నో రోజున మాత్రలు మొదలెడతారు, దొరక్కపోతే ఎవరు కొంటారు? అది ఆ కాగితం మీదే రాయించి డాక్టరు చేత సంతకం పెట్టించండి. రాయనంటే నేనైతే ఆ గడి ఖాళీగా వదిలేస్తాను.

కాకినాడ టెక్నీషియన్:
అయితే నేనూ అంతే.