ఇంకా జరగనివాటి గురించిన దిగులుకు సీబీటీ ఎలా పనిచేస్తుంది?

ప్రశ్న:
చాలా నెలలుగా దిగులు నన్ను వదలడం లేదు. ఉద్యోగం, ఇంట్లోవాళ్ల ఆరోగ్యం, రాబోయే ఖర్చులు, ఇలా ఒకటి తీరేలోపు ఇంకొకటి మొదలవుతుంది. మెడ, భుజాలు పట్టేస్తున్నాయి, నిద్ర సరిగా ఉండడం లేదు. జనరలైజ్డ్ యాంగ్జైటీ అని నిర్ధారించిన మనోవైద్యులు మందుతో పాటు సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) కూడా సూచించారు. మన ఆలోచనకు ఆధారాలున్నాయో లేదో పరిశీలించుకోవడం ఆ చికిత్సలో ముఖ్యమని చదివాను. నా భయాలన్నీ ఇంకా జరగనివాటి గురించే అయినప్పుడు ఆధారాలు ఎక్కడి నుంచి తేవాలి?

జవాబు 1:
మీ సందేహం సమంజసమైనదే. జరగనిదాన్ని ఎన్నటికీ జరగదని ఎవరూ నిరూపించలేరు కాబట్టే, ఈ సమస్యకు చేసే సీబీటీ ఆధారాల దగ్గరే ఆగిపోదు. కెనడాలో మనస్తత్వవేత్త మిషెల్ డ్యూగా, ఆయన సహచరులు 1990లలో రూపొందించిన నమూనా ప్రకారం చిక్కు ప్రధానంగా అనిశ్చితిని, అంటే ఏం జరుగుతుందో తెలియకపోవడాన్ని, భరించలేకపోవడంలో ఉంది. అందువల్ల ముందుగా, ఇది ఇప్పుడు ఏదైనా చేయగలిగిన సమస్యా, లేక కేవలం ఊహా అని తేల్చుకుంటారు. సమస్య అయితే పరిష్కారానికి పూనుకుంటారు. ఊహ అయితే అనిశ్చితిని కొంచెం కొంచెంగా అలవాటు చేసే చిన్న ప్రయోగాలు ఉంటాయి. ఉదాహరణకు, అంతగా ముఖ్యం కాని ఒక ఈమెయిల్‌ను మళ్లీ చదవకుండా పంపాలి. పంపే ముందు "తప్పు దొర్లుతుంది, పై అధికారి మందలిస్తారు" అన్న మీ అంచనాను, దాన్ని ఎంత శాతం నమ్ముతున్నారో రాసిపెట్టి, తర్వాత జరిగినదాన్ని పక్కనే నమోదు చేయాలి. తప్పు నిజంగానే దొర్లితే దాన్ని మీరెలా సరిదిద్దుకున్నారో కూడా రాయండి. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఆ వాక్యమే.

జవాబు 2:
దిగులుకు ఒక వేళ కేటాయించే పద్ధతిని కూడా మీ థెరపిస్టును అడగండి. అమెరికన్ మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్ బృందం 1983లోనే దీన్ని పరీక్షించింది. రోజూ ఒకే చోట, ఒకే సమయానికి అరగంట దిగులు పడటానికే కూర్చుంటారు. మధ్యలో వచ్చే దిగులును ఒక్క ముక్కలో రాసి ఆ వేళకు వాయిదా వేస్తారు. ఇది ఆలోచనను అణచివేయడం కాదు, ఎందుకంటే అణచబోతే అది మరింత గట్టిగా తిరిగి వస్తుంది. ఆ సమయం పడుకునే వేళకు దగ్గరగా ఉండకూడదు.

ప్రశ్న అడిగినవారు:
ఇంట్లోవాళ్లను "ఏమీ కాదు కదా?" అని పదేపదే అడుగుతుంటాను. అది కూడా మానాలా? సీబీటీ మొదలుపెడితే మందు ఆపేయవచ్చా?

జవాబు 1:
ఆ భరోసా కాసేపు ఊరటనిస్తుంది, కానీ అడగకుండా ఉండలేని స్థితిని పెంచుతుంది. ఒక్కసారిగా మానడం కష్టం కాబట్టి, అడగాలనిపించినప్పుడు కాసేపు ఆగి, ఆ వ్యవధిని క్రమంగా పెంచండి. ఇంట్లోవాళ్లకు కూడా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. మందును మాత్రం సొంతంగా ఆపకండి. రెండూ కలిపి సాగించవచ్చు, తగ్గించాల్సి వస్తే మీ మనోవైద్యులే నెమ్మదిగా తగ్గిస్తారు.