అమ్మ నేత చీరలతో బొంత: మిషన్ మీదా, చేత్తోనా?

తణుకు అమ్మాయి
అందరికీ నమస్కారం. అమ్మ కట్టి కట్టి మెత్తబడిన మంగళగిరి, వెంకటగిరి చీరలు ఒక పెట్టె నిండా ఉన్నాయి. అక్కకు తొలి కాన్పు దగ్గరపడింది. ఆ చీరలతో బిడ్డకు ఒక చిన్న బొంత, అక్కకు ఒక పెద్ద బొంత కుట్టాలని కోరిక. ఇంట్లో అమ్మమ్మ వాడిన నల్ల తొక్కుడు మిషన్ ఉంది, ఇప్పటికీ బాగా నడుస్తోంది. ఎన్ని పొరలు వేయాలి? మిషన్ మీద కుట్టవచ్చా, చేత్తోనే కుట్టాలా? చీరల్లో ఒకటి ముదురు ఎరుపు, ఇప్పటికీ కొద్దిగా రంగు దిగుతుంది. లోపలి పొరగా వేస్తే పైకి అంటుతుందా? జరీ అంచు పట్టు చీర ఒకటి ఉంది, అది వాడవచ్చా? తయారయ్యాక ఉతకడం ఎలా?

గోదారి గట్టు
కత్తెర ముట్టుకోకు తల్లీ. చీర 5.5 మీటర్లు. పొడవును మూడు మడతలు వేస్తే 6 అడుగులు వస్తుంది, పన్నా 4 అడుగులకు కొంచెం తక్కువ. ఒక చీరకు మూడు పొరలు, రెండు చీరలకు ఆరు. మీ అక్కకు అది చాలు. చిరుగులు పడిన చీర లోపలికి, గట్టిగా ఉన్నది పైకి. చేత్తోనే కుట్టు. మిషన్ బొంత అట్టలా బిర్రుగా ఉంటుంది, ఒంటికి హత్తుకోదు. ఎరుపు చీరను గుప్పెడు రాళ్లుప్పు వేసిన నీళ్లలో రాత్రంతా నానబెట్టు, రంగు కట్టుబడుతుంది. మా ఇంట్లో తరతరాలుగా ఇదే పద్ధతి.

రంగులశాల
మడతల లెక్క బాగా చెప్పారు. ఉప్పు మాట మాత్రం వదిలేయండి. నా ఉద్యోగమే అద్దకంలో. రంగు తొట్టిలో ఉప్పు వేసే మాట నిజమే, నీళ్లలో ఉన్న రంగును నూలు దగ్గరికి నెట్టడానికి వేస్తాం. కానీ ఇప్పుడు నూలుకు ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగులు పోగును పట్టుకునేది ఆ తర్వాత వేసే సోడా వల్ల. అద్దకం పూర్తయి, అమ్ముడై, ఏళ్ల తరబడి ఉతికిన చీరను ఉప్పునీళ్లలో ముంచితే కొత్తగా కట్టుబడేది ఏమీ లేదు. పోగుకు అంటకుండా పైపైన మిగిలిపోయిన రంగే దిగుతోంది. చల్లని మామూలు నీళ్లలో, నీళ్లు తేటగా వచ్చే వరకు జాడించడమే దారి.

గోదారి గట్టు
మా అత్తగారు, వారి అత్తగారు ఉప్పునీళ్లు పెట్టిన చీరలు ఇప్పటికీ మా బీరువాలో రంగు చెదరకుండా ఉన్నాయి. కళ్లారా చూసింది అబద్ధమా? ఉప్పునీళ్లలో పెట్టినప్పుడు నీళ్లు దాదాపు తెల్లగా ఉంటాయి, ఉత్త నీళ్లలో పెడితే ఎర్రగా మారతాయి. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

రంగులశాల
మీరు చూసింది అబద్ధమని నేను అనలేదు. ఉప్పు ఉన్నంతసేపు కొన్ని రంగులు నీళ్లలోకి రావడానికి మొరాయిస్తాయి, అందుకే నీళ్లు తెల్లగా కనిపిస్తాయి. మర్నాడు అదే చీరను ఉత్త నీళ్లలో పెట్టండి, మళ్లీ దిగుతుంది. రంగు ఆగింది, పోలేదు. మీ బీరువాలో చీరలు నిలిచాయంటే వాటికి అద్దకం బాగా చేసినవారి గొప్పతనం అది.

గోదారి గట్టు
పెద్దవాళ్ల అనుభవాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయడం మీకు తేలిక. చీరలను కాపాడింది వాళ్లు. ఆ మాట గుర్తుపెట్టుకుని మాట్లాడండి.

పెడన బ్లాకు
అద్దకం గురించి ఇంత మాట్లాడుతున్నారు కాబట్టి మా ఊరి పని చెబుతాను. కలంకారీలో రంగు నిలిపేది కరక్కాయ, పటిక. గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతాం. ఎరుపు కావలసిన చోట పటిక ద్రావణంతో అచ్చు వేస్తాం. తర్వాత రంగు తొట్టిలో ఉడికిస్తే పటిక పడిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. నలుపుకు తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్లు. మధ్యమధ్య పారే నీళ్లలో ఉతకడం ఉంటుంది, ఆ ఉతుకు సరిగ్గా లేకపోతే ఎంత మంచి అచ్చయినా మసకబారుతుంది. రంగు నిలవడమనేది గుడ్డ తయారయ్యేటప్పుడే తేలిపోవాలి. కొన్నాక ఇంట్లో ఏం వేసినా ఆలస్యమే.

ఇంకో మాట. స్క్రీన్ ప్రింటు గుడ్డను కలంకారీ అని పేరు పెట్టి అమ్మేవాళ్ల వల్ల మా పనికి చెడ్డపేరు వస్తోంది. చేతి అచ్చులో ఒక అచ్చుకూ పక్క అచ్చుకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటుంది. గజం పొడవునా గీటు గీసినట్టు ఉంటే అనుమానించండి.

పాతమిషను
అసలు ప్రశ్న మిషన్ గురించి కదా. మా నాన్నగారి కాలం నుంచి కుట్టు పనే మా జీవనం. కోట్లు, షేర్వాణీలు, పెళ్లికూతురి లంగాలు, అన్నీ ఈ చేతుల మీదుగా వెళ్లాయి. నల్ల మిషన్ ఉంటే ఆరు పొరల పాత నూలు చీర దానికి లెక్కే కాదు. 16 నంబరు సూది వేయండి. 11 జాకెట్టు గుడ్డలకు, 14 మామూలు నూలుకు, బొంతకు 16. కుట్టు పొడవు పెంచండి. పొరలు జారుతున్నాయంటే కారణం మిషన్ కాదు, కచ్చా కుట్టు, అంటే పొరలను పట్టి ఉంచి తర్వాత తీసేసే పొడవాటి కుట్టు, వేయకపోవడం. కింది పొరను మిషన్ పళ్లు లాగుతాయి, పై పొర వెనకబడుతుంది, చివరికి వచ్చేసరికి ఒక పక్కన ముడతలు చేరతాయి. జానెడు ఎడంతో కచ్చా కుట్టు వేసి, నడిమి నుంచి అంచులకు కుట్టుకుంటూ రండి. మిషన్ బొంత బిర్రుగా ఉంటుందనేవారు వరుసలు మరీ దగ్గరగా వేసి ఉంటారు. నాలుగు వేళ్ల ఎడం ఉంచితే మెత్తగానే ఉంటుంది.

కొత్తసూది
అన్నయ్యా, మిషన్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నా మిషన్ గుడ్డ కింది వైపు దారం ఉండలు కడుతోంది. బాగు చేయడానికి వచ్చినతను బాబిన్ కేసు మర బిగించి డబ్బు తీసుకుని వెళ్లాడు. రెండో రోజే మళ్లీ మొదలు. విసుగొచ్చి దాన్ని మూలన పెట్టేశాను.

పాతమిషను
కింద ఉండలు కడితే తప్పు పైదారంలో ఉంటుందమ్మా. ఇది తెలియక అందరూ బాబిన్ మర మీద పడతారు. గుడ్డను అదిమే మిషన్ పాదం ఎత్తి ఉంచి పైదారాన్ని మొదటి నుంచి మళ్లీ ఎక్కించండి, అప్పుడే దారాన్ని బిగించే బిళ్లలు తెరుచుకుని దారం వాటి మధ్యకు దిగుతుంది. పాదం దించి ఎక్కిస్తే దారం పైనే తేలిపోతుంది, బిగువు ఉండదు. సూదికి పొడవాటి గాడి ఉన్న వైపు నుంచే దారం దూర్చాలి. ఇన్ని చూశాకే మర. బాబిన్ కేసును దారంతో వేలాడదీయండి. కదలకుండా ఉండి, చిన్నగా కుదిపితే కొంచెం జారి ఆగాలి. బుడుంగున కిందికి జారిపోతే వదులు, కుదిపినా కదలకపోతే బిగువు. మర తిప్పాల్సి వస్తే పావు చుట్టుకు మించవద్దు.

వరంగల్ వదిన
కుట్టు పనివాళ్ల గురించి నేనూ చెప్పాలి. పోయిన శ్రావణంలో పట్టు జాకెట్టు ఇచ్చాను. లైనింగ్ నానబెట్టకుండా కుట్టారు. ఒక్క ఉతుకుకు లోపలి గుడ్డ ముడుచుకుపోయి పైపట్టు సంచిలా ఉబ్బింది. అడిగితే, పట్టును నీళ్లలో ఎందుకు వేశారని నన్నే నిలదీశారు. చీర ఖరీదులో మూడో వంతు కుట్టుకూలి తీసుకుని ఆ మాట! నూలు లైనింగ్‌ను ముందు రోజే నీళ్లలో వేసి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి కుట్టాలని ఇంట్లో కుట్టుకునే నాకే తెలుసు. అంత పెద్ద దుకాణంలో తెలియదా?

పాతమిషను
తెలుసమ్మా. తెలిసీ చేయరు. పండుగ ముందు నానబెట్టి ఆరబెట్టే తీరిక ఎవరికీ ఉండదు. అందరికీ రేపటికే కావాలి. కూలి ఎక్కువ అంటారు, మంచి పనివాడిని నిలబెట్టుకోవడం ఎంత కష్టమో దుకాణం నడిపేవాడిని అడగండి.

వరంగల్ వదిన
తీరిక లేకపోతే పని ఒప్పుకోకూడదు. డబ్బు తీసుకుని కష్టం చెప్పుకోవడం ఏ న్యాయం?

హుబ్లీ తెలుగు
బొంత దగ్గరికి వద్దాం. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్ది కుటుంబాల ఆడవాళ్లు కౌది అనే బొంత కుడతారు. హళియాళ వైపు వెళ్లినప్పుడల్లా పక్కన కూర్చుని చూస్తుంటాను. చట్రం ఉండదు, ఒళ్లో పెట్టుకునే కుడతారు. ఒక మూల దగ్గర మొదలుపెట్టి అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ, వరుస వెనక వరుసగా లోపలికి వస్తారు. పాత బట్టల ముక్కలు కుట్టుతో పాటే అతుక్కుంటూ పోతాయి. చివర నాలుగు మూలలకూ గుడ్డను ముక్కోణంగా మడిచి పొరల మీద పొరలు పెట్టి పువ్వులా కుడతారు, దాన్ని ఫుల అంటారు. అది లేని కౌది వాళ్ల లెక్కలో పూర్తికానిదే. నువ్వు కూడా మూలల్లో మీ అమ్మగారి చీర కొంగు ముక్కలతో అలా పెట్టుకోవచ్చు చెల్లెమ్మా. మూలలే ముందు చిరుగుతాయి, ఆ మడతలు వాటిని కాపాడతాయి కూడా.

చేతికుట్టుకు నూలు దారమే వాడు. పాత చీర పోగు బలహీనంగా ఉంటుంది, గట్టి పాలిస్టర్ దారం లాగినప్పుడు గుడ్డే కోసుకుపోతుంది. తెగితే దారం తెగాలి, మళ్లీ కుట్టుకోవచ్చు.

డల్లాస్ దారం
పాలిస్టర్ గుడ్డను కోస్తుందని ఇక్కడి బొంతల సంఘంలోనూ వింటుంటాను. నేను సన్నని పాలిస్టర్ దారంతో మిషన్ మీదే కుట్టాను, వాషింగ్ మిషన్‌లో ఉతుకుతున్నాను, ఒక్క చోట కూడా చిరగలేదు. చేతికుట్టు అంటేనే ప్రేమ, మిషన్ అంటే మొక్కుబడి అన్నట్టు మాట్లాడటం నాకు కష్టంగా ఉంది. ఉద్యోగం చేసి, పిల్లలను పడుకోబెట్టి, రాత్రి పదకొండింటికి మిషన్ ముందు కూర్చునేవాళ్ల శ్రమ తక్కువదా? మా అమ్మ చీరలు సముద్రం దాటి నా దగ్గరికి వచ్చాయి, మిషన్ లేకపోతే అవి ఇంకా పెట్టెలోనే ఉండేవి. పై పొరనూ కింది పొరనూ కలిపి నడిపించే పాదం దొరుకుతుంది, వాకింగ్ ఫుట్ అంటారు. అది తగిలిస్తే ముడతల బాధ చాలావరకు తీరుతుంది.

గోదారి గట్టు
మీ శ్రమను నేను తక్కువ చేయలేదమ్మా. వాకిట్లో చాప వేసుకుని, నలుగురు ఆడవాళ్లు నాలుగు మూలలు పట్టి, కబుర్లు చెప్పుకుంటూ కుట్టిన బొంత నాకు తెలుసు. ఎక్కడ ఎవరి చెయ్యి పడిందో కుట్టు చూసి చెప్పేవాళ్లం. ఆ సుఖం మిషన్‌లో రాదు, నేను ఆ మాట మార్చుకోను.

లేసు నరసాపురం
బొంత అంచుకు లేసు వేద్దామనుకుంటే చేతి అల్లికే కొనండి. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ప్రాంతంలో పెద్దవాళ్లు ఇళ్లలో కూర్చుని ఒక్క ఇనుప సూదితో అల్లుతారు. మిషన్ లేసు పక్కన పెట్టి, ధర తగ్గించమని బేరం ఆడితే ప్రాణం చివుక్కుమంటుంది. అల్లేవారి చేతికి వచ్చేది అసలే కొద్ది, మీ బేరం దెబ్బ ముందు తగిలేది వాళ్లకే.

వరంగల్ వదిన
జరీ పట్టు చీర మాట ఎవరూ చెప్పలేదు. బొంతలో వేయకు తల్లీ, జరీ గీరుకుంటుంది. పాత పట్టు మడతల దగ్గర చిట్లుతుంది, బొంతగా ఉతికితే చీలికలు పడతాయి. చిట్లని భాగం చూసుకుని రేపు ఆడపిల్ల పుడితే పరికిణీకి ఉంచు. అంచును మాత్రం విడదీసి పడేయకు.

పిల్లల వార్డు
నేను నర్సును. కుట్టు గురించి కాదు, బిడ్డ గురించి ఒక మాట. ఏడాది నిండే వరకు నిద్రలో బొంత మీద కప్పకండి. ముఖం మీదికి జారితే పసివాళ్లు తీసేసుకోలేరు. మెత్తగా ఎత్తుగా పరిచి దాని మీద నిద్రపుచ్చడం కూడా మంచిది కాదు. చిన్న బొంత రెండు మూడు పొరలతో పలుచగా ఉండాలి, మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరచడానికి, ఒళ్లో వేసుకోవడానికి. అద్దాలు, పూసలు, గుండీలు, వేలాడే లేసు ఏమీ వద్దు. దారం కొసలు బయటికి లేకుండా చూడండి, పసివేళ్లకు చుట్టుకుంటాయి.

పెడన బ్లాకు
ఎరుపు చీర పసిబిడ్డ దానిలో వద్దే వద్దు. నోట్లో పెట్టుకుంటారు.

తణుకు అమ్మాయి
అందరికీ కృతజ్ఞతలు. రంగులశాల గారు చెప్పినట్టు ఎరుపు చీరను ఉత్త నీళ్లలో జాడించాను. నీళ్లు తేటబడ్డాయి గానీ తడి తెల్లగుడ్డ పెట్టి ఇస్త్రీ చేస్తే లేత గులాబీ మరక వచ్చింది. కాబట్టి దాన్ని పక్కన పెట్టేశాను. చిన్న బొంత చేత్తో, పెద్దది మిషన్ మీద కుడుతున్నాను. గోదారి గట్టు అమ్మగారూ, కోపం వద్దు, చిన్నదానికి మీరు చెప్పినట్టే మూడు మడతల లెక్క సగం చీరతో వేశాను. ఉతకడం గురించి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

గోదారి గట్టు
కోపం ఏముంది తల్లీ. పెద్ద బొంత బకెట్టులో వేయకు, లోపలి పొరలకు సబ్బు నీళ్లు సరిగ్గా అందవు. పెద్ద తొట్టిలో చల్లని నీళ్లు పోసి, కొద్దిగా సబ్బు వేసి కాళ్లతో తొక్కు. పిండకు, పిండితే కుట్లు తెగుతాయి. మడిచి గట్టు మీద వేస్తే నీళ్లు వాటంతట అవే కారిపోతాయి. తర్వాత ఒకే తీగ మీద వేలాడదీయకు, బరువంతా నడిమి కుట్ల మీద పడుతుంది. రెండు తీగల మీద పరిచినట్టు వేసి మధ్యాహ్నం తిరగేయి. లోపలి పొర పూర్తిగా ఆరిందో లేదో చెంపకు ఆనించి చూడు, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. వానాకాలంలో ఉతకకు, ముక్క వాసన పడితే పోదు.