సోలార్ కారు కంపెనీలో డబ్బులు పెట్టమంటున్నాడు మా మేనల్లుడు, పెట్టొచ్చా?

లెక్కల మాస్టారు, శ్రీకాకుళం:

అందరికీ నమస్కారం. నేను నరసన్నపేట అవతల హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇల్లు శ్రీకాకుళంలో. రోజూ రానూ పోనూ 50 కిలోమీటర్లు. పాత పెట్రోలు కారు, లీటరుకి 16 దాటదు. నెలకి ఎనిమిది వేలు పెట్రోలుకే పోతోంది. రిటైర్మెంటుకి ఇంకా ఆరేళ్లుంది.

మా మేనల్లుడు కాలిఫోర్నియాలో ఉంటాడు. మొన్న సంక్రాంతికి వచ్చి ఆప్టెరా అనే బండి వీడియో చూపించాడు. మూడు చక్రాలు, ఇద్దరు కూర్చోవచ్చు, ఒంటి మీదంతా సోలార్ ప్యానెళ్లు. ఎండలో నిలబెడితే రోజుకి 64 కిలోమీటర్లు దానంతటదే నడుస్తుందట. "మామయ్యా, కంపెనీ షేర్లు ఇప్పుడే కొనుక్కో, బండి ఇండియా వచ్చేసరికి నీ డబ్బు పదింతలవుతుంది, ఆ లాభంతోనే కారు కొనేయొచ్చు" అంటున్నాడు. చేతిలో తొమ్మిది లక్షలున్నాయి, చీటీ పాడిన డబ్బు, దాచుకున్నది కలిపి. మూడు లక్షలు షేర్లలో పెడదామా అని ఊగుతున్నాను. మా ఆవిడ మాత్రం "ముందు మన డాబా మీద ఎండ సంగతి చూడండి" అంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గరివిడి ఎలక్ట్రికల్స్:

మాస్టారూ, మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కతోనే చెబుతాను. సోలార్ బిగించడమే మా పని.

ఆప్టెరా మీద ప్యానెళ్లన్నీ కలిపి సుమారు 700 వాట్లు. మన జిల్లాల్లో ఏడాది సగటు తీసుకుంటే రోజుకి నాలుగున్నర గంటల నిండు ఎండ కింద లెక్క కట్టుకోవచ్చు. గుణిస్తే మూడు యూనిట్లు పైచిలుకు. అది కాగితం మీద. కారు మీద ప్యానెల్ దక్షిణం వైపు వాలి ఉండదు, ఒంపు తిరిగి ఉంటుంది. ఒక పక్కకి ఎండ తగిలితే రెండో పక్కకి తగలదు. పైగా దుమ్ము. మన వేడి సరేసరి. 25 డిగ్రీలు దాటాక ప్యానెల్ ఒంటి వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ 0.3 నుంచి 0.4 శాతం కరెంటు తగ్గుతుంది. మే నెలలో ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది, చెయ్యి పెట్టి చూడండి తెలుస్తుంది. ఇవన్నీ పోను మీ చేతికి రెండు, మహా అయితే రెండున్నర యూనిట్లు.

ఆ బండి కిలోమీటరుకి 62 వాట్-అవర్లే (వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్) తింటుందని కంపెనీ మాట. అంటే 32 నుంచి 40 కిలోమీటర్లు. 64 అనేది అక్కడి మంచి ఎండలో, మంచి రోజున చెప్పే లెక్క. అయినా తక్కువేం కాదు, మీ ప్రయాణంలో ముప్పాతిక వంతు ఊరికే వచ్చినట్టే.

ఇక్కడే అందరూ పొరపడతారు. ఇందులో గొప్ప ప్యానెల్‌ది కాదు, బండి ఆకారానిది. గాలిని చీల్చే లెక్క, దాన్ని డ్రాగ్ అంటారు, ఎంత తక్కువైతే అంత మంచిది, ఆప్టెరాకి అది 0.13. మామూలు కార్లకి 0.3 అటూ ఇటూ ఉంటుంది. అదే రెండు యూనిట్లు మామూలు ఎలక్ట్రిక్ కారుకి పోస్తే పదహారు, పదిహేడు కిలోమీటర్లు వెళ్లి ఆగుతుంది. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే అడ్డు నాలుగింతలు, మీకు నేను చెప్పాలా. కాబట్టి ఆ ఆకారం లాభం హైవే మీద ఎనభైలో పోయినప్పుడే. ఏడురోడ్ల జంక్షన్లో హారన్ కొడుతూ నిలబడినప్పుడు చేప ఆకారమైనా ఒకటే, ఇటుక ఆకారమైనా ఒకటే.

ఉద్దానం కుర్రోడు:

మాస్టారూ, నానొక్కటి అడుగుతాను. స్కూల్లో కారు ఎక్కడెడతారు? వేపచెట్టు కిందేనా? మరి ఈ బండిని ఎండలో పెట్టాల కదేటి! సాయంత్రం తలుపు తీస్తే లోపల పెనం మీద అట్టులా ఉంటది. దాన్ని చల్లబరచడానికి ఏసీ ఏస్తే పొద్దున్నుంచి కూడబెట్టిన కరెంటు అదే తినేస్తది. మా ఊళ్లో అయితే ఎండ కావాలంటే కొబ్బరితోట దాటి రోడ్డు మీదకి రావాల. తోటలో పెడితే ప్యానెల్ మీద కాయ పడతది.

బొబ్బిలి ఈవీ పిచ్చోడు:

తమ్ముడూ, ఎండలో ఆపినప్పుడు లోపలి వేడిని బయటికి తోసే ఫ్యాన్లు పెట్టుకోవచ్చు, అదేం బ్రహ్మవిద్య కాదు. ఆప్టెరా వెనకున్న ఆలోచన మాత్రం సరైనదే. బ్యాటరీ పెద్దది చేసుకుంటూ పోవడం కన్నా తిండి తగ్గించిన బండి చేయడం తెలివైన పని. మన దేశంలోనూ మొదలైంది. పుణెలో వేవ్ మొబిలిటీ వాళ్లు ఈవా అని చిన్న బండి 2025 జనవరిలో ఢిల్లీ ఆటో ప్రదర్శనలో ధరలతో సహా చూపించారు. దాని కప్పు మీద ప్యానెల్‌తో ఏడాదికి 3000 కిలోమీటర్ల దాకా అని చెప్పారు. అంటే రోజుకి ఎనిమిది. మాస్టారి 50లో అది ఏ మూలకి?

ఆప్టెరా ఇక్కడికి రావడం గురించి మాత్రం ఆశ పెట్టుకోకండి. కొత్త బండి దిగుమతి చేసుకోవాలంటే స్టీరింగ్ కుడివైపు ఉండాలి. సుంకం 70 శాతం నుంచి మొదలు. మూడు చక్రాలు కాబట్టి అమెరికాలో దాన్ని మోటారుసైకిల్ కింద రాస్తారు, మన ఆర్టీవో ఆఫీసులో ఏమని రాస్తారో మీరే ఊహించుకోండి. వెడల్పు రెండు మీటర్లు దాటుతుంది. మా వీధిలో అయితే అది తిరగదు, నేను తిప్పాలి.

విజయనగరం ఆడిటర్:

మాస్టారు అడిగిన అసలు ప్రశ్న డబ్బు గురించి. దాని మీద ఎవరూ మాట్లాడలేదు.

ఒక బండి నచ్చడం వేరు, ఆ బండి చేసే కంపెనీలో వాటా కొనడం వేరు. ఆప్టెరా 2006లో మొదలై 2011 డిసెంబరులో మూతపడింది. అప్పటి వాటాదారులకి మిగిలింది కాగితమే. 2019లో అదే వ్యవస్థాపకులు మళ్లీ మొదలుపెట్టారు. పెద్ద పెట్టుబడిదారుల కన్నా వేలాదిమంది చిన్నవాళ్ల దగ్గర నేరుగా వాటాలమ్మి డబ్బు పోగు చేశారు. 2025 అక్టోబరులో అమెరికా షేర్ మార్కెట్ నాస్‌డాక్‌లో నమోదయ్యారు. నమోదైన రోజుకి ఒక్క బండి కూడా కొన్నవాడి చేతికి అందలేదు. బుకింగులు దాదాపు యాభై వేలున్నాయంటారు. వంద డాలర్లు కట్టి, కావాలంటే వెనక్కి తీసుకోగలిగే బుకింగు అమ్మకం కిందికి రాదు. ఫ్యాక్టరీ నడపాలంటే ఇంకా డబ్బు కావాలి, దాని కోసం కొత్త షేర్లు వేస్తారు, మీ వాటా పలచబడుతుంది. పాలలో నీళ్లు కలిపినట్టు, చెంబు నిండుగానే కనపడుతుంది.

ఇదే దారిలో నడిచిన మిగతావాళ్లని కూడా చూడండి. జర్మనీ కంపెనీ సోనో మోటార్స్, సియోన్ అనే సోలార్ కారు పేరుతో 2021 నవంబరులో షేరు 15 డాలర్లకి నాస్‌డాక్‌లో దిగింది. మొదట్లో రెట్టింపు దాటింది. 2023 ఫిబ్రవరిలో కారే మానేశారు. ముందుగా డబ్బు కట్టినవాళ్లకి వాయిదాల్లో తిరిగిస్తామన్నారు. నెదర్లాండ్స్ కంపెనీ లైట్‌ఇయర్ రెండున్నర లక్షల యూరోల కారు 2022 చివర్లో తయారీ మొదలుపెట్టింది, కొన్ని వారాలకే 2023 జనవరిలో ఆపేసింది. ఆ ఇంజనీర్లు మోసగాళ్లని నేననను. కారు చేయడం ఒక విద్య, వరసగా వేల కార్లు నష్టం లేకుండా చేయడం ఇంకో విద్య.

ఇక మీ వైపు లెక్కలు. విదేశీ షేర్లకి డబ్బు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపుకునే రిజర్వు బ్యాంకు పథకం) కింద బ్యాంకు ద్వారా పంపాలి. ఏడాదికి పది లక్షల లోపు కాబట్టి టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను, పడదు. కానీ ఒక్క విదేశీ షేరున్నా మీరు ఇన్నాళ్లూ వేస్తున్న సహజ్ ఫారం, అంటే ఐటీఆర్-1, ఇక పనికిరాదు. ఐటీఆర్-2 వేసి విదేశీ ఆస్తుల పట్టిక షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపించాలి, నష్టమొచ్చిన ఏడాది కూడా. ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి కాండక్ట్ రూల్స్ (ఉద్యోగుల నడవడి నియమాలు) సంగతి డీఈవో ఆఫీసులో ముందే కనుక్కోండి. "మేనల్లుడి పేరు మీద కొనేస్తే పోలా" అనుకుంటారేమో, మేనల్లుడి పేరు మీద కొన్నది మేనల్లుడిదే. పండక్కి ఇచ్చిన పంచె లాంటిది, మళ్లీ అడగలేరు.

లెక్కల మాస్టారు, శ్రీకాకుళం:

ఆడిటర్ గారూ, ధన్యవాదాలు. పాలు నీళ్లు సంగతి మా ఆవిడకి చదివి వినిపించాను, ఆవిడ ముఖం చూడాల్సింది. షేర్ల మాట పక్కన పెట్టాను, సరదాకైనా పదో పరకో పెట్టొచ్చా అన్నది తర్వాత చూస్తాను. మరి డాబా మీద సోలార్ వేసి మామూలు చిన్న ఎలక్ట్రిక్ కారు కొంటే? ఎండ ఉన్నప్పుడు కారు స్కూల్లో ఉంటుంది, ఇంటికొచ్చేసరికి చీకటి. ఇది ఎలా కుదురుతుంది?

రాజాం మెడికల్స్ అక్క:

మాస్టారు గారూ, మాది ఇదే ఏర్పాటు, రెండేళ్లవుతోంది. చిన్న హ్యాచ్‌బ్యాక్ ఎలక్ట్రిక్ కారు, 24 యూనిట్ల బ్యాటరీ. గోడ దగ్గర మీటరు పెట్టి చూశాను, కిలోమీటరుకి 120 వాట్-అవర్లు అవుతోంది, ఏసీ వేసి, ఇద్దరం ఎక్కి. మీరు నెలకి 1200 తిరిగితే 145 యూనిట్లు దగ్గర.

పగలు రాత్రి గొడవ నెట్ మీటరింగ్‌తో తీరిపోతుంది. పగలు మీ ప్యానెల్ కరెంటు మన కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ లైన్లోకి పోతుంది, రాత్రి మీరు వెనక్కి తీసుకుంటారు. పొరుగింటికి బియ్యం అప్పిచ్చి మళ్లీ తెచ్చుకున్నట్టు. సోలార్ లేకుండా కారొక్కటే కొంటే ఒక దెబ్బ తగులుతుంది, చాలామంది చూసుకోరు. ఇంటి వాడకం మీద ఈ 145 యూనిట్లు ఎక్కితే 225 దాటిన శ్లాబులో పడతారు, అక్కడ యూనిట్ 8.75 రూపాయలు. అయినా పెట్రోలుతో పోలిస్తే పండగే అనుకోండి, ఎనిమిది వేలకి బదులు పదమూడు వందలు.

కొనే ముందు సీట్లు మడిచి చూసి ఊరుకోకండి, వెనక కూర్చుని చూడండి. కొన్నిట్లో బ్యాటరీ వల్ల నేల ఎత్తుగా ఉండి మోకాళ్లు గడ్డం దాకా వస్తాయి. మా అత్తగారు ఎక్కనే ఎక్కనన్నారు ఒకదాంట్లో.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. మాకు సోలార్ పెట్టినవాళ్లు (పేరెందుకులెండి) డబ్బంతా ముందే తీసుకుని నెట్ మీటరు పెట్టించడానికి నాలుగు నెలలు తిప్పారు. ఆ నాలుగు నెలలూ ప్యానెళ్లు మిద్దె మీద ఊరికే కాకులకి కుర్చీలయ్యాయి. చివరి వాయిదా మీటరు బిగిశాకే ఇస్తానని కాగితం మీద రాయించుకోండి.

గరివిడి ఎలక్ట్రికల్స్:

అక్కా, ఆ నాలుగు నెలలు మేం కాదు కదా అని ఊపిరి పీల్చుకున్నాను.

మాస్టారికి 3 కిలోవాట్లు సరిపోతుంది. కిలోవాట్‌కి సగటున రోజుకి నాలుగు యూనిట్లు, అంటే నెలకి 360. కారుకి 145 పోను ఇంటికి రెండొందల పైన. ఇంటి మీద సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి సబ్సిడీ 78,000, మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. పోర్టల్‌లో నమోదై ఉన్న వెండర్ చేతే పెట్టించాలి, లేకపోతే సబ్సిడీ రాదు. అది పోను మీ జేబులోంచి లక్ష, లక్షా పాతిక. మూడు లక్షలు షేర్లలో పెడదామనుకున్నారుగా, అందులో సగం కూడా కాదు.

కారు ఛార్జింగ్‌కి ఇంటి 15 ఆంపియర్ సాకెట్ చాలు, రాత్రంతా పెడితే నిండిపోతుంది. కానీ గీజరు సాకెట్లోంచి ఎక్స్‌టెన్షన్ లాగకండి. మీటరు దగ్గర్నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే తానే పడిపోయే స్విచ్చి), మంచి ఎర్తింగ్. మన ఊళ్లలో పాత ఇళ్లకి ఎర్తింగ్ అంటే గోడలో ఒక తీగ, అది ఎక్కడికి పోతుందో దేవుడికే తెలియాలి. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా కార్లు ఛార్జింగ్ తీసుకోవు, ఎర్రలైటు చూపిస్తాయి. ఒప్పంద లోడ్, అంటే మీ ఇంటికి ఒప్పుకున్న కిలోవాట్లు, కూడా చూసుకోండి, బిల్లు మీద ఉంటుంది. రెండు కిలోవాట్లని ఉంటే అయిదుకి పెంచమని దరఖాస్తు పెట్టాలి.

ఉద్దానం కుర్రోడు:

ఇది బాగుంది గానీ, తుపానొస్తే? 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ వచ్చింది. మా ఊళ్లో రెండు వారాలు కరెంటు లేదు. జనరేటరెట్టి ఫోను ఛార్జింగుకి ఇంత అని వసూలు సేసినారు. డాబా మీద సోలారుంటే సాలనుకుంటారు అందరూ. లైన్లో కరెంటు లేకపోతే మీ సోలారూ ఆగిపోద్దంట కదా! అప్పుడు ఆ అమెరికా బండే నయం, ఎండొస్తే నడస్తది.

గరివిడి ఎలక్ట్రికల్స్:

కుర్రోడు సరైన చోట పట్టుకున్నాడు. నిజమే. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, అంటే బ్యాటరీ లేకుండా లైన్‌కే కలిపినది, లైన్ చచ్చిపోతే తానూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కి తీగ సరిచేసే లైన్‌మన్‌కి మీ ఇంట్లోంచి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. తుపాను రోజుల కోసమైతే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. నా మాటైతే, తీరానికి దగ్గర మండలాల్లో ఇల్లుంటే ఆలోచించండి. శ్రీకాకుళం టౌన్లో ఆన్‌గ్రిడ్ చాలు, తుపాను హెచ్చరిక రాగానే కారు నిండా ఛార్జ్ చేసి ఉంచుకోండి. నిండు బ్యాటరీ మీకు నాలుగు రోజుల స్కూలు. తుపానులో స్కూలుంటే కదా అసలు.

ప్యానెళ్ల ఫ్రేము మాత్రం తుపాను గాలికి తట్టుకునేలా జింకు పూత పూసిన ఇనుముతో, స్లాబులోకి దిగిన బోల్టులతో బిగించమనండి. ఊరికే సిమెంటు దిమ్మల మీద నిలబెట్టి పోతారు కొందరు. ఆ రాత్రి అవి ఎవరి పెరట్లో తేలతాయో.

బొబ్బిలి ఈవీ పిచ్చోడు:

నేనొక్కటి చెప్పి ఊరుకుంటాను. నా దగ్గర ఇలాంటి విదేశీ కంపెనీ షేర్లు కొన్ని ఉన్నాయి, పోయినా ఏడవనంత డబ్బుకి. ఆడిటర్ గారు తిట్టినా సరే. ఆ బండి రోడ్డెక్కాలని నా కోరిక, దానికి నేనిచ్చిన చందా అనుకుంటాను. మాస్టారూ, మీరు కూతురి పెళ్లికో రిటైర్మెంటుకో దాచిన డబ్బు మాత్రం ఇందులో వేయకండి.

లెక్కల మాస్టారు, శ్రీకాకుళం:

మేనల్లుడికి ఫోన్ చేసి చెప్పాను, "నువ్వే కొనుక్కోరా, లాభమొస్తే నాకో పంచె పంపు" అని. కాసేపు అలిగాడు.

ఈ ఆదివారం డాబా ఎక్కి కొలిచాను. 3 కిలోవాట్లకి చోటుంది. ఒకటే అనుమానం. పడమటి పక్కింటివాళ్ల కొబ్బరిచెట్టు నీడ మధ్యాహ్నం మూడు దాటాక ఒక మూలకి పడుతుంది. రెండు ప్యానెళ్లంత మేర. వదిలేయొచ్చా?

గరివిడి ఎలక్ట్రికల్స్:

వదిలేయకండి. ప్యానెళ్లు దండలో పూలలా వరసగా కలిపి ఉంటాయి, ఒకదాని మీద నీడ పడితే ఆ వరసంతా నీరసపడుతుంది. ఫ్రేమును తూర్పు వైపుకి జరపడానికి వీలుందేమో చూద్దాం. పొద్దున్న ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడున్నరకి డాబా మీద నిలబడి మూడు ఫోటోలు తీసి ఇక్కడే పెట్టండి. చలికాలంలో నీడ ఇంకా పొడుగవుతుంది, అది కూడా లెక్కేసి చెబుతాను. చెట్టు కొట్టించమని మాత్రం పక్కింటివాళ్లని అడక్కండి, ఆ గొడవకి సబ్సిడీ లేదు.