కంప్యూటర్‌లో ఫ్రీగా హెచ్‌డీ టీవీ: కర్నూల్లో యాంటెన్నా పెడితే వస్తుందా?

సీక్యాంప్_జిరాక్స్

అందరికీ నమస్తే. కర్నూల్లో సీ క్యాంప్ దగ్గర నాకు జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు ఉంది. ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకటి రోజంతా దాదాపు ఖాళీయే, దానికి ఫుల్ హెచ్‌డీ మానిటర్ కూడా ఉంది, అందులో టీవీ వస్తే బాగుంటుందని ఆలోచన. నెలనెలా రీచార్జ్ మాత్రం వద్దు, ఇంట్లో ఒకటి కడుతున్నా, అది చాలు. షాపులో నెట్ ఉంది గానీ అది అప్లికేషన్లకే చాలదు, రిజల్ట్స్ వచ్చిన రోజు ఒక్క పేజీ తెరుచుకోవడానికే దేవుడు కనిపిస్తాడు.

మా బావ డాలస్‌లో ఉంటాడు. మొన్న వీడియో కాల్‌లో చూపించాడు, కిటికీకి పల్చటి యాంటెన్నా అతికించాడు, వైరు ఒక చిన్న పెట్టెలోకి పోయింది, అక్కణ్నుంచి నెట్‌వర్క్ కేబుల్‌తో కంప్యూటర్‌లోకి. ఊళ్లో ఛానెళ్లన్నీ హెచ్‌డీలో, నెలకు పైసా లేదు. ఇక్కడ కూడా ఆన్‌లైన్‌లో పెన్‌డ్రైవ్ సైజులో టీవీ స్టిక్ ఒకటి కనిపిస్తోంది, చిన్న యాంటెన్నా దాంతోనే వస్తుందట, ఫ్రీ డిజిటల్ టీవీ అని రాశారు. కొనొచ్చా? నాకు కావాల్సింది క్రికెట్, వార్తలు, మా నాన్న షాపుకు వచ్చి కూర్చున్నప్పుడు సప్తగిరి. అంతే.

గడియారస్తంభం_అనంత

ఆ స్టిక్ కొనొద్దు తమ్ముడూ. దాంతో కర్నూల్లో ఒక్క ఛానెల్ కూడా రాదు.

మీ బావ చూసేది ఏటీఎస్‌సీ అనే అమెరికా పద్ధతి. అక్కడ ప్రతి పెద్ద ఊళ్లో ప్రైవేటు స్టేషన్లు సొంత టవర్లు పెట్టుకుని ప్రకటనల డబ్బుతో నడుస్తాయి, 2009 జూన్‌లో పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ఆపేసి డిజిటల్‌కు మారిపోయాయి. ఒక్కో 6 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో సెకనుకు 19 మెగాబిట్ల పైన డేటా పోతుంది కాబట్టి బొమ్మ అంత శుభ్రంగా ఉంటుంది. మన దగ్గర టవర్ మీద నుంచి టీవీ ప్రసారం చేసేది దూరదర్శన్ ఒక్కటే, ప్రైవేటు ఛానెళ్లకు ఆ దారే లేదు. ఆ దూరదర్శన్ కూడా అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను విడతలవారీగా మూసుకుంటూ వచ్చింది, 2022 నాటికి సరిహద్దు ప్రాంతాల్లాంటి కొన్ని చోట్ల తప్ప అన్నీ ఆగిపోయాయి. ఒకప్పుడు మిద్దె మిద్దె మీదా ఉన్న అల్యూమినియం కమ్మీల యాంటెన్నాలు ఇప్పుడు బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తున్నాయి.

డిజిటల్ టవర్లు లేవా అంటే ఉన్నాయి. 2016 ఫిబ్రవరిలో డీవీబీ-టీ2 అనే పద్ధతిలో 16 నగరాల్లో మొదలుపెట్టారు, ఢిల్లీ, ముంబై, చెన్నై, బెంగళూరు అలా. ఆ జాబితాలో మన రాష్ట్రం ఊరు ఒక్కటీ లేదు. పైగా ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఆ స్టిక్కులు ఎక్కువ భాగం పాత డీవీబీ-టీ రకం, టీ2 అర్థం చేసుకోలేవు. అంటే చెన్నై తీసుకెళ్లి పెట్టినా దండగే.

ఒక్క మాట, ఆ స్టిక్ లోపల ఆర్‌టీఎల్2832 చిప్ ఉంటే మాత్రం వేరే సరదా ఉంది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఎఫ్ఎం రేడియో వినొచ్చు, ఓర్వకల్లులో దిగే విమానాల సిగ్నల్ కూడా పట్టుకోవచ్చు. టీవీ కోసమైతే కాదు.

హిందూపురం_బార్డర్

అన్నా, మధ్యలో వస్తున్నా. మాది హిందూపురం. బెంగళూరు టవర్ ఉందన్నారు కదా, మాకు నూరు కిలోమీటర్లే, పెద్ద యాంటెన్నా ఎత్తుగా కడితే వస్తుందా?

గడియారస్తంభం_అనంత

ఆశ పెట్టుకోవద్దు. యూహెచ్ఎఫ్ తరంగాలు, అంటే టీవీ టవర్లు పంపేవి, దాదాపు చూపు ఆనినంత దూరమే పోతాయి, మంచి ఎత్తున్న టవరైనా 60, 70 కిలోమీటర్లు దాటితే నమ్మకం ఉండదు. మధ్యలో నంది కొండలు, ఆ చుట్టుపక్కల గుట్టలు వేరే ఉన్నాయి. చలికాలం తెల్లవారుజామున ఎప్పుడన్నా గాలి పొరల వల్ల సిగ్నల్ దూరం కొట్టుకొస్తుంది, ఆ టైముకు క్రికెట్ ఉండదు. ఊరికే ఇనుప పైపులకు డబ్బులు పోస్తావు.

డిష్‌సెట్టింగ్_కడప

పైన సార్ చెప్పింది నిజమే గానీ సగం దగ్గర ఆపేశారు. టవర్ లేకపోతే ఏం, పైన శాటిలైట్ ఉంది కదా! డీడీ ఫ్రీ డిష్ అంటే అదే పని, గాలిలోనే వస్తుంది, నెలకు పైసా లేదు. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది, ఇప్పుడు జీశాట్-15 శాటిలైట్ మీద, 93.5 డిగ్రీల తూర్పున ఉంది.

కర్నూలు నుంచి లెక్క వేస్తే డిష్ తిప్పాల్సింది సరిగ్గా ఆగ్నేయ మూలకు. మన ఇళ్లలో వాస్తు చూసి వంటిల్లు పెట్టే మూల, అటు తిప్పితే దిక్కు తప్పే ప్రసక్తే లేదు. నేల నుంచి పైకి చూసే కోణం, అంటే ఎత్తు, సుమారు 64 డిగ్రీలు, మా కడపలో 66. కానీ మనం వాడేది ఆఫ్‌సెట్ డిష్, అంటే సిగ్నల్ అందుకునే ముక్క నడిమధ్యన కాకుండా కిందికి ఉండే రకం, కాబట్టి దాని ముఖం 40 డిగ్రీలకే చూస్తున్నట్టు కనిపిస్తుంది, అది చూసి కంగారుపడి ఇంకా వెనక్కి వంచేస్తారు చాలామంది, అక్కడే సగం మందికి సిగ్నల్ పోయేది. 60 సెంటీమీటర్ల డిష్ చాలు. బోల్టు కొంచెం కొంచెంగా జరుపు, జరిపాక రెండు మూడు సెకన్లు ఆగు, ట్యూనర్‌కు, అంటే ఛానెల్‌ను పట్టే భాగానికి, సిగ్నల్ పట్టడానికి ఆ మాత్రం టైం కావాలి. తెర మీద స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు గీతలు కనిపిస్తాయి, స్ట్రెంగ్త్ చూసి మోసపోవద్దు, ఎల్ఎన్‌బీకి (డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ అందుకునే ముక్క) కరెంటు అందితే అది ఎటూ చూపిస్తుంది. క్వాలిటీ లేవాలి. క్వాలిటీ వచ్చాక ఎల్ఎన్‌బీని దాని పట్టీలోనే మెల్లగా అటూ ఇటూ తిప్పి, ఎక్కువ చూపించిన చోట బిగించెయ్.

క్రికెట్ సంగతి. డీడీ స్పోర్ట్స్‌లో మ్యాచ్ కేబుల్లో రాదు, ఫ్రీ డిష్‌లో వస్తుంది, ఎందుకని నన్ను ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. 2007 చట్టం ప్రకారం ముఖ్యమైన మ్యాచుల సిగ్నల్‌ను హక్కులు కొన్న ఛానెల్ ప్రసార భారతితో పంచుకోవాలి. అయితే ఆ సిగ్నల్‌ను దూరదర్శన్ తన టవర్ల మీద, తన ఫ్రీ డిష్‌లో మాత్రమే వెయ్యాలని 2017లో సుప్రీం కోర్టు చెప్పింది. అందుకే మ్యాచ్ టైముకు కేబుల్లో డీడీ స్పోర్ట్స్ పెడితే ఇంకేదో పాత కార్యక్రమం నడుస్తుంటుంది. ఐపీఎల్ మాత్రం ఆశించొద్దు.

పెంగ్విన్_తాడిపత్రి

డిష్ దాకా సరే, కంప్యూటర్‌లోకి ఎలా అన్నది ఎవరూ చెప్పలేదు.

కావాల్సింది డీవీబీ-ఎస్2 ట్యూనర్, అంటే శాటిలైట్ సిగ్నల్‌ను కంప్యూటర్‌కు అందించే పరికరం. డెస్క్‌టాప్ అయితే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు, లేకపోతే యూఎస్‌బీ పెట్టె. టీబీఎస్ కంపెనీవి నేను వాడుతున్నా, లినక్స్‌లో డ్రైవర్ వేసుకోవడం ఒక పూట పని. పేరులో ఎస్2 ఉందా లేదా రెండుసార్లు చూసుకో, వట్టి ఎస్ ఉన్న పాత కార్డులకు ఎంపెగ్-2 అనే పాత వీడియో కుదింపు పద్ధతి ఛానెళ్లే వస్తాయి. హెచ్‌డీ ఉండేది కొత్త పద్ధతి ఎంపెగ్-4 వాటిలో, డీడీ నేషనల్ హెచ్‌డీ లాంటివి. హెచ్‌డీ ఛానెళ్లు చాలా తక్కువ, అది ముందే తెలుసుకుని దిగు, తర్వాత నన్ను తిట్టొద్దు.

సెట్టింగ్‌లో ఎల్ఎన్‌బీ రకం యూనివర్సల్ అని పెట్టు, అంటే 9750, 10600 (ఎల్ఎన్‌బీ లోపలి రెండు ఫ్రీక్వెన్సీలు, మెగాహెర్ట్జ్‌లో). ఫ్రీ డిష్ ఫ్రీక్వెన్సీలు 11090, 11170 ఇలా 11700 లోపలే ఉంటాయి కాబట్టి 9750 ఒక్కటే పని చేస్తుంది, 10600కు మార్చే 22 కిలోహెర్ట్జ్ టోన్ అక్కర్లేదు. సింబల్ రేటు, అంటే సిగ్నల్ వేగం, 29500. వీఎల్‌సీ ప్లేయర్‌తోనే చూడొచ్చు, నాకైతే టీవీహెడ్‌ఎండ్ అనే సాఫ్ట్‌వేర్ ఇష్టం. అది పెడితే కంప్యూటర్ ఒక చోట ఉన్నా ఇంట్లో ఫోన్లలో వైఫై మీద అవే ఛానెళ్లు చూడొచ్చు, బయటి నెట్ ఒక్క ఎంబీ కూడా ఖర్చు కాదు. రికార్డింగ్ కూడా సుఖమే, వచ్చిన స్ట్రీమ్‌ను ఉన్నదున్నట్టు డిస్క్‌లో రాసేస్తుంది, 8 మెగాబిట్ల ఛానెల్ అయితే గంటకు 3.6 జీబీ.

హెచ్‌డీ బొమ్మ 1080ఐ, అంటే ఒక లైను విడిచి ఒక లైను పంపుతారు. బ్యాట్స్‌మన్ పరిగెత్తేటప్పుడు అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తే సిగ్నల్ తప్పు కాదు, వీఎల్‌సీలో డి నొక్కితే ఆ లైన్లను కలిపే డీఇంటర్లేస్ ఆన్ అవుతుంది. మరీ పాత ప్రాసెసర్ అయితే ఇక్కడ ఆయాసపడుతుంది, గ్రాఫిక్స్ కార్డుతో డీకోడ్ చేయించు.

ఏడురోడ్ల_కుర్రోడు

ఇదంతా ఎందుకన్నా ఆయనకు? జిరాక్స్ షాపు ఆయన సింబల్ రేట్లు టైప్ చేసుకుంటూ కూర్చుంటాడా, పక్కన ఆధార్ కాపీ కావాలని జనం నిలబడి ఉంటే? ఎంపెగ్-4 ఫ్రీ డిష్ బాక్స్ ఒకటి కొనుక్కో, హెచ్‌డీఎంఐ వైరు నేరుగా మానిటర్‌కు పెట్టు. మానిటర్‌లో ఇన్‌పుట్ బటన్ నొక్కితే టీవీ, మళ్లీ నొక్కితే కంప్యూటర్. ట్యూనర్ కార్డు ధరకు డిష్, బాక్స్, వైరు అన్నీ వచ్చి ఇంకా మిగులుతుంది. కంప్యూటర్ ఆఫ్ చేసినా టీవీ నడుస్తుంది, కరెంటు కలిసొస్తుంది. కాదు, విండోలో చిన్నగా కనిపించాలి, పక్కన పని చేసుకోవాలి అంటే చవక రకం యూఎస్‌బీ హెచ్‌డీఎంఐ క్యాప్చర్ (బాక్స్ బొమ్మను కంప్యూటర్‌లోకి తెచ్చే చిన్న పరికరం) పెట్టుకో, అయిపోయింది.

షాపులో ఒకటే జాగ్రత్త, బాక్స్ కొనేటప్పుడు ఎంపెగ్-4 అని పెట్టె మీద ఉందో లేదో చూడు. పాత ఎంపెగ్-2 సరుకు ఇంకా అమ్ముతున్నారు, అడిగితే అన్నీ వస్తాయనే అంటారు.

నెట్ బాగుంటే ప్రసార భారతి వేవ్స్ యాప్ కూడా ఉంది, 2024 నవంబర్‌లో వచ్చింది, డీడీ ఛానెళ్లు లైవ్‌లో ఫ్రీ. నీకు నెట్టే సమస్య కాబట్టి వద్దులే.

పెంగ్విన్_తాడిపత్రి

బాక్స్‌తో ఒక్క ఛానెల్ చూస్తూ ఇంకోటి రికార్డు చెయ్యలేవు, క్యాప్చర్ చేస్తే బొమ్మను మళ్లీ కంప్రెస్ చెయ్యాలి, క్వాలిటీ తగ్గుతుంది. కంప్యూటర్‌లో టీవీ అని అడిగాడు కాబట్టి చెప్పాను. కానీ ఆయన షాపుకు నీదే సులువు, ఒప్పుకుంటా.

సీక్యాంప్_జిరాక్స్

అందరికీ చాలా థ్యాంక్స్. స్టిక్ కార్ట్‌లోంచి తీసేశా. మొదట బాక్స్‌తో మొదలుపెడతా, తమ్ముడు ఇంటర్ సెలవులకు వచ్చాక వాడికి ఆసక్తి ఉంటే ట్యూనర్ సంగతి చూస్తా. రెండు డౌట్లు. మిద్దె మీద రీచార్జ్ ఆపేసిన పాత డీటీహెచ్ డిష్ ఒకటి తుప్పు పట్టకుండా ఉంది, దాన్ని వాడొచ్చా? రెండోది, ఆగ్నేయం వైపే ఓనర్ నీళ్ల ట్యాంకు ఉంది, అడ్డం వస్తుందేమో. ఆ ట్యాంకు జరపమని అడిగే ధైర్యం నాకు లేదు.

డిష్‌సెట్టింగ్_కడప

డిష్ నిక్షేపంగా వాడొచ్చు. ఎల్ఎన్‌బీ మీద 9750, 10600 అని రాసి ఉంటే అది కూడా పనికొస్తుంది, వేరే నంబర్లు ఉంటే ఎల్ఎన్‌బీ ఒక్కటి మార్చు, తక్కువలో అయిపోతుంది. పాత వైరు మాత్రం చూసుకో, మన ఎండకు పైతొక్క పగిలి లోపలికి వాన నీళ్లు పోయి ఉంటే రాగి పచ్చబడుతుంది, అలాంటిది తీసి పారెయ్. రేపు బాక్స్, ట్యూనర్ రెండూ పెడితే ఒకే వైరును స్ప్లిటర్‌తో చీల్చొద్దు, రెండూ ఎల్ఎన్‌బీకి వోల్టేజీ పంపి కొట్టుకుంటాయి, రెండు అవుట్‌పుట్లున్న ఎల్ఎన్‌బీ తీసుకుని రెండు వైర్లు లాగు.

ట్యాంకుకు భయపడకు. శాటిలైట్ నెత్తి మీద 64 డిగ్రీల ఎత్తున ఉంది కాబట్టి, డిష్ కంటే రెండు మీటర్లు ఎత్తున్న ట్యాంకైనా మీటరున్నర దూరం ఉంటే చాలు, సిగ్నల్ దాని మీదుగా దిగుతుంది. మీ ఓనర్‌ను అడగాల్సింది గోడకు బోల్టులు కొట్టుకోవచ్చా అని మాత్రమే.