హెపటైటిస్ సి పాజిటివ్ వస్తే పేరుతో సహా ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి చేయాలా?

కాకినాడ ల్యాబ్ అక్క:
చేయాలనే నేనంటాను. టీబీకి 2012 నుంచే ఈ పద్ధతి ఉంది. ప్రైవేటు డాక్టరైనా, ల్యాబైనా, కేసు దొరికితే తెలపాల్సిందే.

మా ల్యాబ్‌లో రోజూ జరిగేది చెప్తాను. ఆపరేషన్ ముందు చేసే రక్తపరీక్షల్లో హెచ్‌ఐవీతో పాటు హెచ్‌సీవీ కార్డు (రక్తం ద్వారా సోకే హెపటైటిస్ సి వైరస్ పరీక్ష) కూడా పెడతాం. రెండో గీత కనబడితే రిపోర్టులో ‘రియాక్టివ్’ అని కొట్టి, కవర్లో పెట్టి ఇచ్చేస్తాం. సర్జన్ రెండు జతల గ్లవ్స్ వేసుకుంటాడు, లేదంటే పేషెంటును పెద్దాసుపత్రికి పొమ్మంటాడు. ఆ తర్వాత ఆ గీత సంగతి అడిగేవాళ్లే ఉండరు. ఒంట్లో ఏ బాధా లేదు కాబట్టి పేషెంటూ మర్చిపోతాడు. ఏ ఇరవై ఏళ్లకో కడుపులో నీరు చేరితే అప్పుడు తెలుస్తుంది, లివర్ గట్టిపడిపోయిందని.

దీనికి మందు లేకపోతే సరే అనుకోవచ్చు. ఉంది కదా! 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. చాలామందికి 12 వారాల మాత్రలు సరిపోతాయి. వాడినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా నయమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో ఈ వైరస్ ఉన్నవాళ్లు 55 లక్షల మంది. మందు ప్రభుత్వం దగ్గరుంది, పాజిటివ్ కాగితం మా దగ్గరుంది. మధ్యలో మనిషి పోతున్నాడు.

జగిత్యాల అన్న:
అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ నేను పూర్తిగా వ్యతిరేకం.

మా దగ్గర గల్ఫ్‌కు ఎవరూ పోని ఇల్లు తక్కువ. పోవాలంటే మెడికల్ పాస్ కావాలి. హెచ్‌సీవీ యాంటీబాడీ (వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే పదార్థం) పాజిటివ్ వస్తే అన్‌ఫిట్, అంతే. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు మాత్రం నెత్తిమీద ఉంటుంది. మందు వాడి పూర్తిగా నయమైనా యాంటీబాడీ రక్తంలో ఉండిపోతుంది, మళ్లీ పరీక్ష చేయించినా పాజిటివే వస్తుంది. ఇక ఆ పేరు ప్రభుత్వ కంప్యూటర్లో కూడా ఎక్కిస్తామంటే జనం పరీక్షకే రారు. ఆశా వర్కర్ రెండుసార్లు ఇంటికొస్తే చాలు, వాడకట్టంతా ఏమైందని ఆరా తీస్తుంది.

హెచ్‌ఐవీకి 2017లో చట్టం చేశారు. రోగి ఒప్పుకోకుండా వివరాలు బయటపెట్టకూడదు, ఉద్యోగంలో, ఆసుపత్రిలో వివక్ష చూపకూడదు అని అందులో రాశారు. హెపటైటిస్ సికి అలాంటిది ఏది? ముందు రక్షణ ఇవ్వండి, తర్వాత పేర్లు అడగండి.

వరంగల్ ఫిజీషియన్:
జగిత్యాల అన్న చెప్పిన యాంటీబాడీ సంగతి నిజం. అసలు చర్చ అక్కడే మొదలవ్వాలి. కార్డు చూసేది ఆ యాంటీబాడీనే. దాని మీద గీత వస్తే, ఎప్పుడో ఒకప్పుడు వైరస్ ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అర్థం. సోకినవాళ్లలో సుమారు మూడోవంతు మందికి ఆరు నెలల్లోపు ఏ మందూ లేకుండానే పోతుంది. ఇప్పుడు వైరస్ ఉందో లేదో చెప్పేది ఆర్‌ఎన్ఏ పరీక్ష. కార్డు పాజిటివ్‌లన్నీ పేర్లతో పోర్టల్‌లో పోస్తే, జబ్బు లేనివాళ్లనూ రోగుల లెక్కలో వేసినట్టే. ఆ లెక్క ఎందుకూ పనికిరాదు.

అయితే అసలు చెప్పకపోవడం ఇంకా ప్రమాదం. అమెరికాలో లాస్ వేగాస్‌లో 2008 జనవరిలో కొద్దిమందికి కొత్తగా హెపటైటిస్ సి వచ్చినట్టు ఆరోగ్య శాఖకు రిపోర్టు అందింది. అక్కడ అది తప్పనిసరి. అధికారులు వాళ్లతో మాట్లాడితే అందరూ ఒకే ఎండోస్కోపీ క్లినిక్‌కు వెళ్లారని తేలింది. మత్తుమందు ఎక్కించిన సిరంజినే మళ్లీ సీసాలో పెట్టి తీయడం, ఒక్కరికి వాడాల్సిన ఆ సీసాను ఇంకొకరికి వాడడం, అదీ జరిగింది. 40 వేల మందికి పైగా పరీక్ష చేయించుకోమని ఉత్తరాలు వెళ్లాయి. వేళ్ల మీద లెక్కపెట్టే కేసులతో అంత పెద్ద విషయం బయటపడింది. అదే మన జిల్లాలో జరిగితే ఆ కొద్దిమందీ వేర్వేరు డాక్టర్ల దగ్గర ‘కామెర్లు’ అని మందు తీసుకుని ఇంటికెళ్లిపోతారు.

కర్నూలు పీజీ:
పేర్లు లేకుండా చేయొచ్చు కదా? హెచ్‌ఐవీ సెంటినెల్ నిఘాలో (ఎంచుకున్న కేంద్రాల్లో కొందరిని పరీక్షించి వ్యాప్తిని అంచనా వేసే పద్ధతి) చాలా ఏళ్లు పేర్లు తీసేసిన రక్త నమూనాలనే పరీక్షించారు. ఏ జిల్లాలో ఎంత ఉందో దాన్నుంచే అంచనా వచ్చింది.

వరంగల్ ఫిజీషియన్:
అంచనాకు సరిపోతుందమ్మా. కానీ హెచ్‌సీవీకి ఇప్పుడు నయం చేసే మందు ఉంది. ఈ నమూనా పాజిటివ్ అని తెలిసి కూడా ఆ మనిషి ఎవరో తెలియకపోతే మందు ఎవరికిస్తాం? ఈజిప్టు చూడండి. అక్కడ ఒకప్పుడు నత్తల ద్వారా వచ్చే పురుగుల జబ్బుకు ఊరూరా సూదిమందు వేసి, సరిగా శుభ్రం చేయని సూదులతోనే లక్షల మందికి ఈ వైరస్ అంటించారు. తర్వాత 2018-19లో దాదాపు 5 కోట్ల మందిని పరీక్షించి, పాజిటివ్ వచ్చినవాళ్లను నేరుగా చికిత్సకు పంపారు. పేరు తెలియకుండా అది జరిగే పని కాదు.

సోంపేట:
నేను ఇంతవరకూ చదువుతూ ఉన్నాను. మాది ఉద్దానం. నాన్నకు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్. మొదలుపెట్టే ముందు చేసిన పరీక్షలో హెచ్‌సీవీ నెగటివ్. ఏడాది తిరక్కుండా పాజిటివ్.

ఆ యూనిట్‌లో నేను గంటల తరబడి కూర్చునేవాణ్ని. ఒక్క నర్సు నాలుగు మంచాలు చూడాలి. ఒక మిషన్ అలారం మోగితే, పక్క పేషెంటు సూది తీస్తున్న అమ్మాయి అదే గ్లవ్స్‌తో పరుగెత్తుకొచ్చి బటన్ నొక్కేది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందును ఒకే సీసాలోంచి అందరికీ తీసేవాళ్లు. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు, తిండికి కూడా టైమ్ ఉండేది కాదు వాళ్లకు. కానీ అడిగితే పైవాళ్లు ‘బయట ఎక్కడో సూది వేయించుకుని ఉంటారు’ అన్నారు. నాన్న షిఫ్టులోనే ఇంకో ఇద్దరికి వచ్చిందని వాళ్ల ఇంటివాళ్లతో మాట్లాడాకే తెలిసింది. ముగ్గురి కేసులనూ కలిపి చూసే అధికారి ఎక్కడా లేడు.

నాన్న పేరు రాసుకోండి, నాకు అభ్యంతరం లేదు. దాంతో పాటు ఆ యూనిట్ పేరు కూడా రాయండి.

జగిత్యాల అన్న:
తమ్ముడూ, నాన్నకు మందు మొదలైందా? డయాలసిస్‌లో ఉన్నవాళ్లకూ ఈ మాత్రలు ఇస్తున్నారు, అడగండి.

నువ్వు చెప్పినదానికి నేను అడ్డుపడను. ఆసుపత్రి పేరు, యూనిట్, తేదీ తప్పనిసరిగా పైకి పోవాలి. నేను భయపడేది మనిషి పేరు గురించే. అది చికిత్స ఇచ్చే కేంద్రం దాటి బయటకు రాకూడదు. జిల్లాకు కోడ్ నంబర్ పంపితే చాలు.

సోంపేట:
మొదలైంది అన్నా.

డయాలసిస్ యూనిట్లకైతే కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. బిల్లులు ప్రభుత్వ పథకం నుంచే వస్తున్నాయి, ప్రతి పేషెంటుకూ నంబర్ ఉంది, హెచ్‌సీవీ పరీక్ష కొన్ని నెలలకోసారి చేస్తూనే ఉన్నారు. నెగటివ్‌గా చేరినవాళ్లలో ఎంతమంది పాజిటివ్ అయ్యారో యూనిట్ వారీగా పంపితేనే బిల్లు పాస్ అనండి. పరీక్ష కూడా ఆర్‌ఎన్ఏ కావాలి. కిడ్నీ పేషెంట్లలో యాంటీబాడీ ఒక్కోసారి కనిపించదని మా డాక్టరే చెప్పారు.

వరంగల్ ఫిజీషియన్:
నిజమే. పైగా మామూలు మనుషుల్లో కూడా యాంటీబాడీ కనబడడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆర్‌ఎన్ఏ ఒకటి రెండు వారాల్లోనే పట్టేస్తుంది.

కాకినాడ ల్యాబ్ అక్క:
ఆర్‌ఎన్ఏతో నిర్ధారించాకే లెక్కలోకి తీసుకోవాలి, పేరు చికిత్సా కేంద్రం దాటకూడదు. ఈ రెండూ ఒప్పుకుంటున్నాను. డయాలసిస్ యూనిట్లతో మొదలుపెట్టడానికీ ఒప్పుకుంటున్నాను.

అక్కడే ఆగిపోతే మాత్రం ఒప్పుకోను. యూపీలో ఉన్నావ్ జిల్లాలో ఏం జరిగిందో గుర్తుందా? చదువులేని వైద్యుడు ఒకే సిరంజితో ఊళ్లో వాళ్లకు సూదులు వేసి హెచ్‌ఐవీ అంటించాడని 2018లో బయటపడింది, అదీ శిబిరాలు పెట్టి పరీక్షలు చేశాక. మన ఊళ్లలోనూ జ్వరమొస్తే ముందు పోయేది ఆర్‌ఎంపీ దగ్గరికే, మాత్ర ఇస్తే ఊరుకోరు, సూది కావాలంటారు. అలాంటి చోట వచ్చే హెపటైటిస్ సి ఏ ప్రభుత్వ బిల్లులోనూ కనబడదు. ఒకే ఊరి నుంచి వరసగా పాజిటివ్‌లు వస్తే మొదట చూసేది మాలాంటి చిన్న ల్యాబ్. ఇప్పుడు అది చూసినా నేను ఫోన్ చేయాల్సిన నంబర్ ఏదో నాకెవరూ చెప్పలేదు.