వెరికోసీల్‌కి కోత లేని వైద్యం ఎవరైనా చేయించుకున్నారా?

చెరువుగట్టు: అందరికీ నమస్కారమండి. వయసు 31, ఆకివీడు దగ్గర రొయ్యల చెరువుల మీద పని. మేత బస్తాలు మోసిన రోజు సాయంత్రానికి ఎడమ వృషణం బరువెక్కి లాగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ఊళ్ళో చూపిస్తే వరిబీజం అన్నారు. స్కానింగ్‌లో మాత్రం ఎడమ వైపు గ్రేడ్ 3 వెరికోసీల్ (వృషణం సిరలు బాగా ఉబ్బడం) అని రాశారు. పెళ్ళయి రెండేళ్ళు, పిల్లలు లేరు. ఒక డాక్టరు గారు ఆపరేషన్ అంటున్నారు, ఇంకొకరు కోత లేకుండా ఎంబొలైజేషన్ (సన్నటి గొట్టం పంపి సిరను లోపలి నుంచే మూసేయడం) చేయించుకో అంటున్నారు. ఎవరినీ అడగలేక టెన్షన్‌గా ఉంది.

లంకకొబ్బరి: తమ్ముడూ, నేను చేయించుకుని నాలుగేళ్ళు. మన డెల్టాలో బోదకాలు ఎక్కువ కాబట్టి అక్కడ ఏ వాపు కనబడినా వరిబీజమనే అంటారు. నాకూ ఒకచోట పరీక్ష లేకుండానే ఫైలేరియా మాత్రలు రాసిచ్చారు, నెలలు పోయాయి. వరిబీజమైతే సంచిలో నీరు చేరుతుంది, చీకట్లో టార్చి ఆనిస్తే ఎర్రగా వెలుగుతుంది. నీది సిరల ఉబ్బు. నిలబడి తడిమితే వానపాముల ముద్దలా చేతికి తగులుతుంది.

పోటు నీరు మురుగు కాలువలోకి ఎక్కకుండా తూముకి తలుపులుంటాయి కదా, వృషణం నుంచి పైకి పోయే సిరలో కవాటాలు అలాంటివే. అవి సరిగా మూసుకోకపోతే రక్తం వెనక్కి దిగి కింద నిలవుంటుంది. వృషణాలు ఒంటి వేడి కంటే రెండు డిగ్రీలు చల్లగా ఉండాలి. నిలవున్న రక్తం ఆ చల్లదనాన్ని పోగొడుతుంది, దాంతో వీర్యకణాలు దెబ్బతినొచ్చు.

నాకు కాకినాడలో చేశారు. మెడ పక్కన చర్మానికి మత్తు సూది వేసి సన్నటి గొట్టం లోపలికి పంపారు. కొందరికి గజ్జలోంచి పంపుతారట. నేను మెలకువగానే ఉన్నాను. రంగు మందు ఎక్కించి, "గట్టిగా ముక్కండి" అన్నారు. ముక్కగానే తెర మీద నల్లటి గీత సర్రున కిందికి జారింది. పైకి పోవలసింది కిందికి పోవడం నా కళ్ళతో నేనే చూశాను! తర్వాత చిన్న స్ప్రింగుల్లాంటి కాయిల్స్, నురుగు మందు పెట్టి ఆ దారి మూసేశారు. కుట్లు లేవు, మెడ మీద ప్లాస్టరు ముక్క ఒక్కటే. సాయంత్రానికి ఇంటికి పంపేశారు. నాలుగు రోజులు నడుములో మొద్దు నొప్పి ఉండేది. వారం రోజులు బరువులు ఎత్తొద్దన్నారు. కొబ్బరి దింపు సమయం కావడంతో నాకు అదే కష్టమైంది.

పాతవైద్యం: ఆముదం పట్టు వేసి లంగోటా బిగించండి, అదే పోతుంది.

ఎక్స్‌రేగది: ఆముదంతో కవాటం బాగుపడదండి. బిగుతు లోదుస్తులతో లాగడం కాస్త తగ్గుతుంది, అంతే.

నేను రాజమండ్రిలో రేడియోగ్రాఫర్ని. అన్నగారు మంచి వైపే చెప్పారు, రెండో వైపూ వినండి. ఇది చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు (ఎక్స్‌రే తెర మీద చూస్తూ గొట్టాలతో వైద్యం చేసే డాక్టరు), అందుకు క్యాథ్ ల్యాబ్ అనే ప్రత్యేక గది ఉండాలి, అన్ని ఊళ్ళలో దొరకరు. కొందరికి గొట్టం ఆ సిరలోకి ఎక్కదు, చివరికి ఆపరేషనే చేయాల్సి వస్తుంది. కొందరికి మళ్ళీ వస్తుంది. మైక్రోస్కోపుతో చేసే ఆపరేషన్‌లో తిరగబెట్టడం చాలా తక్కువ. కాబట్టి కోత లేదన్న ఒక్క మాటకే మొగ్గొద్దు. ఇలాంటివి ఎన్ని చేశారో ఇద్దరు డాక్టర్లనూ అడగండి. రంగు మందు ఎలర్జీ, కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పండి. పడుకున్నా ఉబ్బు తగ్గకపోయినా, కుడివైపు ఒక్కటే వచ్చినా కడుపు స్కాన్ తీయించాలి. ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే మాత్రం వృషణం మెలిపడిందేమోనని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

గోదారిపిల్ల: మా ఆయనకీ ఇదే. తమ్ముడూ, వీర్య పరీక్ష చేయించావా? కొన్ని వారాల తేడాతో రెండుసార్లు చేయించాలి, ముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా దూరంగా ఉండాలి. మగవాళ్ళలో వందకు పదిహేను మందికి వెరికోసీల్ ఉంటుంది, చాలామందికి పిల్లలు మామూలుగానే పుడతారు. కాబట్టి మీ ఆవిడకూ అదే సమయంలో పరీక్షలు చేయించు, ఒక్కరి మీదే పెట్టుకోకు. చేయించుకున్నాక నెలకే రిపోర్టు తీసి ఏడవకండి, కొత్త వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది. మాకు ఆరో నెలలో అంకెలు పెరిగాయి, పాప మాత్రం రెండో ఏట పుట్టింది.

చెరువుగట్టు: వీర్య పరీక్ష ఇంకా చేయలేదక్కా. మా ఆవిడతో ఈ రాత్రి చెబుతాను. ఇద్దరం గురువారం వెళ్తాం. డాప్లర్ (రక్తం ఎటు పోతోందో చూసే స్కాన్) మళ్ళీ తీస్తారా?

ఎక్స్‌రేగది: పాత రిపోర్టు తీసుకెళ్ళండి. నిలబెట్టి, ముక్కించి చూశారో లేదో అందులో ఉంటుంది. లేకపోతే మళ్ళీ తీయమంటారు.

లంకకొబ్బరి: జీన్సు వేసుకెళ్ళకు తమ్ముడూ, లుంగీ కట్టుకెళ్ళు. ఆ గదిలో నాలుగుసార్లు విప్పమంటారు, ఆయ్.