ఇంగ్లీషు సరిగ్గా రాని పిల్లవాడికి మాటలెక్కువున్న గేమ్ చెప్పొచ్చా?

గడియారం_సెంటర్ (నల్లగొండ):

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి, దేవరకొండ దగ్గర తెలుగు మీడియం బడి. నా పాత లాప్‌టాప్ వాడికిచ్చాను. 4 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. అందరూ ఆడేవి కాకుండా, ఒకరిద్దరు చేసిన చిన్న గేమ్స్ ఏమైనా చెప్పండని పోయిన నెల ఇక్కడ అడిగాను. చాలామంది చెప్పారు, థ్యాంక్స్. కానీ ఒకాయన డిస్కో ఎలిసియం అన్నాడు. పది లక్షల పైచిలుకు పదాలున్న గేమ్ అది. నేనే సగంలో వదిలేశాను.

ఇంకొకరు ఎ డార్క్ రూమ్ అన్నారు. 2013 నాటిది, బ్రౌజర్‌లో ఉచితంగా ఆడొచ్చు. బొమ్మలుండవు. మంట రాజేయడం, కట్టెలు తేవడం, అన్నీ అక్షరాలతోనే. నాకు ప్రాణం. మావాడు పది నిమిషాలు చూసి "మామా, ఇది గేమా, ఇంగ్లీషు పరీక్షా?" అని బ్యాట్ పట్టుకుని పోయాడు.

అందుకే అడుగుతున్నా. మనం అవతలివాళ్లకు పనికొచ్చే గేమ్ చెప్తున్నామా, మన టేస్ట్ చూపించుకుంటున్నామా? ఇంగ్లీషు తక్కువ వచ్చినవాళ్లకు ముందు మాటల్లేనివి చెప్పాలన్నది నా వాదన. లేవా అంటే మస్తు ఉన్నాయి. స్నేక్‌బర్డ్ (2015) ఉంది. పండు తింటే పొడుగయ్యే పాము-పిట్ట, కింద ఆసరా లేకపోతే పడిపోతుంది, అంతే రూలు. చూడ్డానికి చిన్నపిల్లల బొమ్మలా ఉంటుంది గానీ నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. గోరోగోవా (2017)లో నాలుగు బొమ్మల గళ్లుంటాయి. ఒకదాన్ని జరిపి ఇంకోదాని పక్కన పెడితే రెండూ కలిసి ఒకే దృశ్యమవుతాయి, ఒక్క ముక్క చదవక్కర్లేదు. 2006లో స్వీడన్ మనిషి చేసిన నిట్ ఉచితం. గోడలెక్కుతూ, విరిగిన అంతరిక్ష నౌక ముక్కలు ఏరుకుంటూ తిరగడమే. పులి-మేక ఆడటానికి మనకెవరైనా పుస్తకమిచ్చారా?

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్):

అన్నా, మీ మేనల్లుడి మీద ప్రేమతోనే రాశారు, కాదనను. కానీ తెలుగు మీడియం అనగానే మాటల్లేని గేమ్ చేతిలో పెట్టడం నాకు నచ్చలేదు. నేనూ తెలుగు మీడియమే. జడ్చర్లలో నెట్ సెంటర్‌లో గంటకు డబ్బులు కట్టి ఆడినదాన్ని. ఒక మాటకు అర్థం తెలియకపోతే తలుపు తెరుచుకోదు, అందుకని పక్క సీటువాళ్లను అడిగి మరీ నేర్చుకున్నా. బడిలో ఎన్నడూ అంత పట్టుదల రాలేదు.

మాటలెన్ని ఉన్నాయని లెక్కపెడితే ఏం లాభం? ఆ మాటలతో చేతికి పనేంటన్నది చూడాలి. మీ డార్క్ రూమ్‌లో చదవడం తప్ప కంటికి ఇంకో ఆధారం లేదు, పిల్లవాడు లేచిపోయాడు, సరే. పేపర్స్, ప్లీజ్ తీసుకోండి. లూకస్ పోప్ అనే ఒక్క మనిషి చేశాడు, 2013. మీరు సరిహద్దు చెక్‌పోస్టులో గుమాస్తా. మనిషి వస్తాడు, పాస్‌పోర్టు ఇస్తాడు. పేరు, పుట్టిన తేదీ, జారీచేసిన ఊరు, గడువు సరిపోల్చాలి. సరిపోతే ఒక ముద్ర, లేకపోతే ఇంకోటి. సాయంత్రానికి వచ్చిన జీతంతో ఇంటి కిరాయి, తిండి, చలికి వెచ్చదనం, మందులు చూసుకోవాలి. అక్కడక్కడా లంచం కూడా తగులుతుంది. ఇందులో చదవడమే ఆట.

పైగా ఇది పాలమూరు పిల్లలకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేని విషయం. మా చిన్నాయన దుబాయ్ పోయేటప్పుడు ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక ఉందని నాలుగు నెలలు తిప్పారు. ఆ కిటికీకి అవతల కూర్చుంటే ఎట్లుంటదో నాకు ఆ గేమ్‌లోనే తెలిసింది. (తనిఖీ స్కానర్‌లో బట్టల్లేని బొమ్మలుంటాయి, పిల్లవాడికి ఇచ్చేముందు సెట్టింగ్స్‌లో ఆపేయండి.)

సాగర్_కాల్వ:

మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. పేపర్స్, ప్లీజ్ 50 లక్షల కాపీలు అమ్ముడైంది. "ఎవరికీ తెలియని గేమ్" అని అడిగితే అది చెప్పడమేంటి? మన హైదరాబాద్‌లోనే ఓగర్ హెడ్ స్టూడియో వాళ్లు అసుర చేశారు, 2017లో. పైనుంచి చూసే కత్తియుద్ధం, చచ్చిన ప్రతిసారీ మొదటికొస్తుంది. ఇక్కడ ఎంతమంది ఆడారు? చేతులెత్తండి.

పిల్లలమర్రి_నీడ:

దేవరకొండలో పేపర్స్, ప్లీజ్ పేరు విన్నవాళ్లెవరో చూపించండి, అప్పుడు తెలిసిన గేమ్ అని ఒప్పుకుంటా.

గడియారం_సెంటర్:

సాగర్ అన్నా, అసుర నేను ఆడాను. బాగుంది, కానీ కష్టం. మనోళ్లు చేశారని చెప్పడం వేరు, ఈ పిల్లవాడికి సరిపోతుందని చెప్పడం వేరు. ఈ లాప్‌టాప్ మీద నడుస్తుందో లేదో కూడా చూడాలి. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్స్ దుకాణంలో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడితే డబ్బు వాపసు అడగొచ్చు కాబట్టి ఆ టెన్షన్ లేదనుకోండి.

మిర్యాలగూడ_రైస్‌మిల్:

ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. తెలుగులోకి మార్చుకుంటే?

కేవ్ స్టోరీ 2004లో జపాన్‌లో ఒకే మనిషి ఐదేళ్లు కూర్చుని చేసి ఉచితంగా పెట్టాడు. జపనీస్‌లో మాత్రమే ఉంటే దాన్ని ఇంగ్లీషు చేసింది అభిమానులే. లేకపోతే మనలో ఎవరికీ దాని పేరు కూడా తెలిసేది కాదు. అంటే ఇంగ్లీషువాళ్లకూ ఒకప్పుడు మన మేనల్లుడి పరిస్థితే.

కానీ చెప్పినంత సులువు కాదు, ఒళ్లు మండిన అనుభవంతో చెప్తున్నా. ఖాళీ టైమ్‌లో పులి-మేక ఆటను కంప్యూటర్‌లో చేశాను. మూడు పులులు, పదిహేను మేకలు. అంతా అయ్యాక తెలుగు పెడితే ఒత్తులన్నీ ఊడిపోయాయి. "పులి చిక్కింది" అని రాస్తే తెరమీద "పులి చిక్‌కింది" అని వచ్చింది. అక్షరం కింద అక్షరం కూర్చోబెట్టడం ఆ ఇంజిన్‌కు, అంటే నేను గేమ్ చేసిన సాఫ్ట్‌వేర్‌కు, చేతకాదు, ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే తెలుసు. మా నాయన చూసి "ఇదేం తెలుగురా" అన్నాడు. చివరికి మాటలన్నీ బొమ్మలుగా గీసి అతికించాను. 2023లో వచ్చిన గోడో 4 అనే ఇంజిన్‌తో ఈ బాధ తప్పింది, అందులో ఒత్తులు సరిగ్గా పడతాయి. కానీ పాత గేమ్స్‌ను తెలుగు చేయాలంటే చాలావాటిలో ఇదే గోడ.

అందుకని ప్రస్తుతానికి నా ఓటు గడియారం అన్నకే.

సాగర్_కాల్వ:

ఆ పులి-మేక లింకు ఎక్కడ? ఎవరికీ తెలియని గేమ్ అంటే అది కదా!

మిర్యాలగూడ_రైస్‌మిల్:

ఇంకా పులులు సరిగ్గా ఆలోచించడం లేదన్నా. పెడతా.

గడియారం_సెంటర్:

ఆదివారం దేవరకొండ పోయొచ్చా, చెప్పాల్సింది ఉంది. పేపర్స్, ప్లీజ్ కొన్నాను. గేమ్‌లో మొదటి రెండు రోజులు గడిచేదాకా పక్కన కూర్చున్నా, తర్వాత వాడే నన్ను లేవమన్నాడు. తేదీలు నాకన్నా వేగంగా పట్టుకుంటున్నాడు. ఒకచోట భర్త కాగితాలన్నీ సరిగ్గా ఉండి లోపలికి పోతాడు, వెనకే వచ్చిన భార్యకు అనుమతి పత్రం ఉండదు, బతిమాలుతుంది. ఆమె మాటలు మావాడికి సగమే అర్థమయ్యాయి. అయినా ముద్ర వేసి పంపేశాడు. వెంటనే తప్పు చేశావని హెచ్చరిక చీటీ వచ్చింది. దాన్ని మాత్రం ఒక్కో మాట కూడబలుక్కుని చదివి, "తెలిసే పంపిన" అన్నాడు.

దీంతో పిల్లలమర్రి గారు చెప్పిందే సరైందని నేనింకా ఒప్పుకోవడం లేదు. సగం అర్థమైనా ఆట ఆగలేదు కాబట్టి నా మాటా నిలబడినట్టే. వీధి చివర వాడి దోస్తులకు కూడా ఇదే చెప్తానా అంటే, ఏమో, పక్కన కూర్చునే మామ ఉండాలి కదా.

స్నేక్‌బర్డ్‌లో మాత్రం ఏడో లెవెల్ దగ్గర వాడూ నేనూ వారం నుంచి ఆగిపోయాం. దాటినవాళ్లెవరైనా ఉన్నారా? మొత్తం చెప్పొద్దు. మొదటి పండు ఏ వైపు నుంచి తినాలో చెప్పండి, చాలు.